టీవీ కింద కుట్టుమిషను

పంజాగుట్టలో ఫ్లైఓవరు పనులు నడుస్తున్న రోజుల్లో అక్కడొక గిఫ్టుల దుకాణం ఉండేది. మూడంతస్తులు. రెండో అంతస్తులో గోడ పొడవునా ఒక అర, దాని మీద 'నాన్న కోసం' అని బోర్డు. మా నాయినకు డెబ్బై నిండుతున్నాయని ఒక సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి ఆ అర ముందు నిలబడ్డాను. ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి చూశాను. చూస్తున్నకొద్దీ ఒళ్ళు మండింది.

చేతికర్ర. మెడకింద పెట్టుకునే దిండు. పెద్ద పెద్ద అంకెలున్న ఫోను. జారని చెప్పులు. మోకాళ్ళ మీద కప్పుకునే శాలువా. నాకు ముక్కు మీద కోపం, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. కానీ ఎవరైనా సరే ఆ అర ముందు ఐదు నిమిషాలు నిలబడి చూడండి. అక్కడున్న ప్రతి వస్తువూ ముసలాయనకు ఒకటే మాట చెబుతుంది: ఇక కూర్చో. కూర్చుంటే నడుముకు ఇది, కూర్చుని లేవడానికి ఇది, లేవలేకపోతే ఇదిగో ఇది. లేచాక ఏం చేస్తాడన్నదానికి మాత్రం మూడంతస్తుల్లో ఒక్క వస్తువు కూడా లేదు.

ఆఫీసులో నా పక్క సీటావిడది భీమవరం వైపు. ఆమెను సలహా అడిగాను. "మేమైతే మా నాన్నగారికి మసాజ్ కుర్చీ కొన్నామండీ. అందులో ఒకసారి కూర్చున్నారంటే ఇక లేవరనుకోండి!" అంది. పాపం సంతోషంగానే చెప్పింది. నాకే ఆ మాట గుచ్చుకుంది. 'ఇక లేవరు' అన్నది గొప్పగా చెప్పుకునే సంగతి ఎట్లా అయిందో నాకు అర్థం కాలేదు.

మా నాయిన టైలర్. జెంట్స్ టైలర్. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న ఒక సందులో ఆయన షాపు ఉండేది. రెండు మిషన్లు పడితే మూడో మనిషి వీపు గోడకు ఆనేంత షాపు. మొదట్లో లక్డీకాపూల్ ఆఫీసులకు పోయే గుమాస్తాలకు కుట్టేవాడు. తర్వాత కంప్యూటర్ కోర్సులొచ్చాయి. ఏ గోడ చూసినా కోర్సుల పోస్టర్లు, ఏ మేడ చూసినా బాయ్స్ హాస్టల్. కరీంనగర్ నుంచీ గుంటూరు నుంచీ ఒక ట్రంకుపెట్టె, నాలుగు జతల బట్టలతో దిగిన పిల్లలు ఆర్నెల్లు కోర్సు చదివి, రేపు ఇంటర్వ్యూ అనగా నాయిన దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. "మాస్టారూ, ఎలాగైనా రేపటికి కావాలండీ" అని ఒకడు, "అన్నా, జర చూడవా, జిందగీ సవాల్" అని ఇంకొకడు.

నాయిన వాళ్ళను ముందు నిలబెట్టేవాడు. "సార్లు అడిగినదానికి జవాబు నువ్వు చెప్పుకో. నిలవడే సంగతి నేను చూస్కుంట" అనేవాడు. షాపులో ఒక మేకుకు ఎర్ర టై వేలాడుతుండేది. టై లేని పిల్లలకు దాన్ని స్వయంగా కట్టి పంపేవాడు. పొద్దున కట్టించుకుపోయినవాడు సాయంత్రం తెచ్చి మళ్ళీ మేకుకు తగిలించాలి. ఆయన మాత్రం జన్మలో ఒక్కసారి కూడా టై కట్టుకోలేదు. ఉద్యోగమొచ్చినవాళ్ళు మిఠాయి డబ్బా పట్టుకొచ్చేవాళ్ళు. నాయిన డబ్బా అందుకుని, మనిషిని కాదు, ప్యాంటు మడతను చూసి, "మంచిగ పడ్డది" అనేవాడు.

ఆ షాపులో కొలతల పుస్తకం రాసేదాన్ని నేను. నాలుగో తరగతి నుంచి ఇంటర్ దాకా, బడి విడిచాక నేరుగా షాపుకే. నాయిన టేపు పట్టుకుని మనిషి వెనక నిలబడి అంకెలు పలికేవాడు. పొడవు, భుజం, చెయ్యి, ఛాతీ, నడుము, వరస ఎప్పుడూ అదే. పేర్లు చెప్పేవాడు కాదు, ఒట్టి అంకెలే. ఏ అంకె ఎక్కడ పడాలో నాకే తెలియాలి. ఒక్క అంకె తప్పిపోయి నేను మళ్ళీ అడిగితే మొత్తం మొదటి నుంచీ కొలిచేవాడు. ఆ కస్టమర్ పాపం దించిన చేతులు మళ్ళీ లేపాలి. "గీ పిల్ల చెవులు ఇంట్ల పెట్టొచ్చింది" అని వాళ్ళతో నవ్వేవాడు.

అన్న ఒక్కరోజు కూడా షాపులో కూర్చోలేదు. వాడు చదువుకోవాలి కదా. కానీ దసరా వస్తే షాపులోకెల్లా మంచి బట్ట వాడి ఒంటి మీద ఉండేది. నా బట్టలు పక్క సందులో లేడీస్ టైలర్ కుట్టేవాడు. ఇంటర్‌లో ఉండగా ఒకసారి నేను ప్యాంటు అడిగాను. "ఆడోళ్ళవి నేను కొలవ. బోర్డు మీద ఏం రాసున్నదో చదవలేదా?" అన్నాడు నాయిన. మళ్ళీ అడగలేదు. ఊళ్ళో ఎందరి భుజాలు ఎంతెంతో నా చేత్తో రాశాను, నా భుజం ఎంతో మా నాయినకు తెలియదు. ఆ మంట నాకు చాలా ఏళ్ళు ఉంది. ఇప్పుడు లేదని అబద్ధం చెప్పను.

తర్వాత జరిగింది అమీర్‌పేట అందరికీ తెలిసిందే. ఉద్యోగాలొచ్చిన పిల్లలు జీతం అందుకోగానే పంజాగుట్టలో రెడీమేడ్ షోరూములకు పోయారు. ఇంటర్వ్యూ పిల్లలు కూడా వాళ్ళ వెంటే పోయారు. షాపు ఉన్న బిల్డింగును యజమాని నాలుగంతస్తులు లేపి కోచింగ్ సెంటరుకిచ్చాడు. నాయిన ఒక మిషను అమ్మేసి, ఇంకొకటి ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాడు. అప్పటికి అన్న సాఫ్ట్‌వేర్‌లో చేరి పంజాగుట్ట వెనక ఫ్లాటు తీసుకున్నాడు. అమ్మా నాయినా వాడి దగ్గరే. నేను ఎర్రగడ్డ వైపు ఉండేదాన్ని.

మిషను ఫ్లాటు బాల్కనీలో పడింది. ఎవరో ఒకరు ప్యాంటు కింద మడతకో, జిప్పుకో వచ్చేవాళ్ళు. నాయినకు కళ్ళలో శుక్లాల ఆపరేషన్ అయిన ఏడాది, ఒకరోజు సూది ఆయన వేలి గోట్లోంచి దిగిపోయింది. అన్నే మోసుకుపోయినట్టు ఆసుపత్రికి తీసుకుపోయాడు. తిరిగొచ్చిన రోజే మిషను తల ఊడదీసి, పాత దుప్పట్లో చుట్టి, సజ్జ మీద పెట్టేశాడు. కింది ఇనుప స్టాండు మాత్రం సొరుగుతో సహా మిగిలింది. మర్నాడు నాయిన కోసం పెద్ద టీవీ కొనుక్కొచ్చాడు. దాన్ని పెట్టడానికి బల్ల లేకపోతే ఆ స్టాండు మీదే పెట్టాడు. "కరెక్ట్ సరిపోయింది చూసినవా!" అని నాకు చూపించి మురిసిపోయాడు.

నాకు తల తీసేసినట్టయింది. కానీ ఆ రోజు నేను కూడా నోరు మూసుకున్నాను. వేలి కట్టు ఇంకా తడిగా ఉంది.

ఆ తర్వాత ఎప్పుడు పోయినా నాయిన టీవీ ముందు కుర్చీలో ఉండేవాడు. కుర్చీ టీవీకి మరీ దగ్గరగా వేసుకునేవాడు. కళ్ళు కనబడక అనుకున్నాం. ఒకరోజు అమ్మ నన్ను చేత్తో పొడిచి కిందికి చూపించింది. ఆయన కాళ్ళు టీవీ కింద, మిషను తొక్కే పలక మీద ఉన్నాయి. బెల్టు లేని చక్రం తన మానాన తాను తిరుగుతోంది. టీవీలో వార్తలు, కింద మిషను. "కాళ్ళు ఊకోవు ఈయనకు" అంది అమ్మ.

ఇక డెబ్బై నిండిన సంగతి. మా ఇంట్లో పుట్టినరోజులు చేసుకునే అలవాటే లేదు. నాయిన పుట్టిన తారీకు బడి పంతులు రాసిన తారీకు, నిజం తారీకు మా నాయనమ్మకే తెలియదు. కానీ అన్న ఆఫీసులో అందరూ తండ్రులకు చేస్తున్నారు కాబట్టి మేమూ చేశాం. లక్డీకాపూల్‌లో ఒక హోటల్లో భోజనం. అన్న పెద్ద బ్రాండు షర్టు పెట్టాడు. గీతల షర్టు, అట్టపెట్టెలో గుండుసూదులు గుచ్చి, కాలరు కింద ప్లాస్టిక్ పట్టీతో. టైలర్‌కు రెడీమేడ్ షర్టు!

నేనేం తక్కువ తిన్నానా? అంత తిట్టిపోసిన ఆ అర మీద నుంచే కాళ్ళు రుద్దే మిషను కొన్నాను. అందులో పాదాలు పెట్టి స్విచ్చి వేస్తే అదే రుద్దుతుంది, మనం కాలు కదపనక్కర్లేదు. జన్మంతా మిషను తొక్కిన కాళ్ళకు నేను కొన్నది అది. నాయిన రెండూ చేతిలోకి తీసుకుని, రెంటినీ "మంచిగుంది" అన్నాడు. షర్టు అక్కడికక్కడే తొడుక్కున్నాడు. నా మిషను తిరిగి డబ్బాలో పెట్టాడు.

నాలుగు రోజులకు, ఆదివారం పొద్దున, అన్న ఫోను. "జల్ది రా. నాయిన సంగతి బాగలేదు." ఆటోలో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాను. చూస్తే నాయిన కుర్చీలో బాగానే కూర్చుని ఉన్నాడు. టీవీకి సౌండు లేదు. అన్న ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి మంచం మీద కుమ్మరించాడు. ఆ గీతల షర్టు. చేతులు వేరు, కాలరు వేరు, జేబు వేరు.

"బ్లేడు వెట్టి కోసిండు. తొడిగి నాలుగు రోజులు కాలే. అడిగితే మాట్లాడడు. ఇది ఉత్త మతిమరుపు కాదు చెల్లె. డాక్టర్‌కు చూపియ్యాలె. ఇట్లనే విడిచిపెడితే రేపు ఎర్రగడ్డకు తీస్కపోవుడే."

హైదరాబాదులో ఎర్రగడ్డకు తీసుకుపోవాలి అంటే విప్పి చెప్పనక్కర్లేదు, పిచ్చాసుపత్రి అక్కడే ఉంది. కన్నతండ్రి వినేలా వాడామాట అనేసరికి నేను ఒంటికాలి మీద లేచాను. "తోలు, ఎర్రగడ్డకే తోలు. నా ఇల్లు ఆడనే ఉంది, నేను చూసుకుంట!" అన్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వుకో ఏడుపుకో తెలియదు.

అప్పుడు ఆ ముక్కలు చేతిలోకి తీసుకున్నాను. తీసుకోగానే నాకు అర్థమైంది. బట్ట ఎక్కడా చినగలేదు. ఒక్క పోగు తెగలేదు. కుట్లు మాత్రమే విప్పి ఉన్నాయి, ఒక్కొక్క కుట్టూ విడిగా, బ్లేడు మొనతో. చంక దగ్గర సుద్దతో గీత, పాత కుట్టుకు అర అంగుళం లోపల. జేబు మీద ఇంకో గీత. అట్టపెట్టెతో వచ్చిన గుండుసూదులు పారెయ్యకుండా దాచి, వాటితోనే కుడి చెయ్యి కొత్త చోట గుచ్చి పెట్టాడు. ఆ చేతికి నాలుగు పెద్ద పెద్ద కచ్చా కుట్లు, చివరికి తీసేసేవి, వేసి ఉన్నాయి, సూదితో, వంకరగా. ఐదో కుట్టు లేదు.

"కోసిండు కాదు, విప్పిండు" అన్నాను. అన్నకు తేడా తెలియలేదు. వాడు షాపులో కూర్చోలేదు కదా.

నాయిన ముందు నేల మీద కూర్చున్నాను. "ఏం చేద్దమనుకున్నవ్ నాయినా?"

కుడి చెయ్యి లేపి చంక చూపించాడు. "చంకల పట్టేస్తుంది. చెయ్యి లేపితే షర్టు మొత్తం లేస్తుంది. జేబు గీతలు షర్టు గీతలతోని కలవలే. కొడుకు పెట్టిన షర్టు, గట్ల తొడుక్కొని ఎట్ల తిరుగుత? విప్పి మంచిగ కుడ్దమనుకున్న." ఆగాడు. "చేత్తోని కుడ్దమంటే నాలుగు కుట్లకే దారం జారింది, మళ్ళ సూదిల పోలే. మిషనుంటే గంట పని."

ఆ చివరి మాట ఆయన ఎవరి మీదా నింద వేస్తూ అనలేదు. అందుకే నేను తట్టుకోలేకపోయాను. లేచి అన్నతో "టీవీ దింపు" అన్నాను.

"ఏంది?"

"టీవీ దింపు. మిషను తల పైనుంచి తియ్యి."

"పాగల్ అయినవా? గోట్ల సూది దిగిన రోజు నువ్వున్నవా ఇక్కడ? కారు సీటంత రక్తం. నేను తీస్కపోయిన హాస్పిటల్‌కు. నువ్వు సాయంత్రానికి పండ్లు పట్టుకొని వచ్చినవ్."

అది నిజం. నిజం కాబట్టే ఇంకా కోపమొచ్చింది. "వేలు ఆయనది అన్నా, నీది కాదు. డెబ్బై ఏండ్లొచ్చినా తన వేలు మీద ఆయనకు హక్కు లేదా?"

"నీకేం, చెప్పి పోతవ్. సాఫ్ట్‌వేరోని నాయిన బాల్కనీల కూసొని ఎవలెవలో తెచ్చిన చినిగిన ప్యాంట్లు కుడ్తుంటే, అన్నం పెడ్తలేనని అంటరు అపార్ట్‌మెంట్లున్నోళ్ళు. అన్నరు సుత."

"గా మిషను మీద కుట్టిన ప్యాంటు తొడుక్కొనే పోయినవ్ ఇంటర్వ్యూకు. అప్పుడేమన్లేదా అపార్ట్‌మెంట్లున్నోళ్ళు?"

అన్న ముఖం ఎర్రబడింది. తలుపు దభాలున వేసి బయటికి పోయాడు. వాడిది భయం అని నాకు అప్పుడూ తెలుసు. ఆ రక్తం చూసినవాడు వాడు. కానీ ఒకరి భయానికి ఇంకొకరి కాళ్ళు కట్టెయ్యడం న్యాయం కాదు. ఇప్పటికీ నేను ఆ మాట మీదే ఉన్నాను.

టీవీని నేనూ అమ్మా కలిసి దింపి ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టాం. సజ్జ మీద నుంచి దుప్పటి మూట దించుతుంటే బరువుకు ఇద్దరం ఒక పక్కకు ఒరిగాం. అంతవరకూ కుర్చీలోంచి కదలని నాయిన, "చక్రం దిక్కు బరువుంటది, ముందు ఆ దిక్కు పట్టుకోండ్రి" అన్నాడు. తర్వాత, "నెమ్మది, నెమ్మది, కింద వస్త్రం పరవండ్రి" అన్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

ఆ వారం నేను కొన్న గిఫ్టులు ఇవి. ఒక తోలు బెల్టు. మిషను నూనె సీసా. పదహారో నంబరు సూదుల ప్యాకెట్టు. సూదిలో దారం ఎక్కించే సన్నటి తీగ. రెండు కొసలా ఇత్తడి రేకు ఉన్న టేపు. మెడ వంచితే ఎటు కావాలంటే అటు తిరిగే దీపం. పంజాగుట్టలో ఆ మూడంతస్తుల్లో ఒక్కటీ దొరకలేదు, ఎర్రగడ్డ రైతుబజారు రోడ్డు మీద అన్నీ ఒక్క దుకాణంలో దొరికాయి. రంగుకాగితం చుట్టలేదు. మిషను బాగుచేసే ఆయనను కూడా వెంట తీసుకుపోయాను. అన్న మాట నా చెవిలో ఉంది కాబట్టి, వేలు సూది కిందికి పోకుండా చిన్న కమ్మీ అడ్డం బిగించమన్నాను. నాయిన మొహం మాడ్చుకున్నాడు. "నేను కొత్తగ నేర్సుకునేటోన్నా?" అన్నాడు. కానీ తీసెయ్యలేదు.

గంట పని అన్నాడు, గంటన్నర పట్టింది. కుట్టిన షర్టు తొడుక్కుని రెండు చేతులూ పైకి లేపి చూపించాడు. షర్టు లేవలేదు. జేబు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, గీతలు అంత బాగా కలిశాయి. అన్న వచ్చి చూసి లోపలికి పోయాడు.

ఇక్కడితో అయిపోయింది అనుకున్నాను. కాలేదు. అమ్మ దిండు గలీబులు, కర్టెన్లు, పాత చీరలతో బొంత, రెండు వారాల్లో ఇంట్లో కుట్టాల్సినవన్నీ అయిపోయాయి. మూడో వారం పోయేసరికి మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఎవరు కప్పారని అడిగితే అమ్మ నాయిన వైపు చూసింది. నాయిన మళ్ళీ టీవీ ముందు. ఈసారి కాళ్ళు కూడా కదలడం లేదు.

అది చూసి నాకు మొదటిసారి భయమేసింది. మిషను లేనప్పుడు, మిషను లేక కుట్టడం లేదన్న పౌరుషమైనా ఉండేది. ఇప్పుడు మిషను ఉంది, ఆయనతో పని ఉన్న మనిషి లేడు. నేను మిషను తెచ్చానే గానీ కస్టమర్‌ను తేలేదు. వాకిట్లో నిలబడి, "ఏమైంది, ఇంకా కాలేదా?" అని ఆయన ప్రాణం తోడేసే మనిషి కావాలి. అట్లాంటివాడిని ఏ అర మీద కొంటాం?

తర్వాతి ఆదివారం పంజాగుట్టలో బట్టల దుకాణానికి పోయి ఒక ప్యాంటు బిట్టు, ఒక షర్టు బిట్టు తీసుకున్నాను. ముదురు నీలం, తెలుపు. ఇంటికి పోయి, మిషను మీది గుడ్డ తీసి, దాని మీద ఆ బట్ట పెట్టాను.

"ఆర్డరొచ్చింది నాయినా. ప్యాంటు, షర్టు. ఆఫీసుకు."

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. బట్టను వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూశాడు. "బట్ట మంచిదే. ఎవలిది? మనిషేడి?"

"నాదే."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఆడోళ్ళవి నేను కొలవనని ఎరుక లేదా నీకు?"

"ఎరుకే. ఇంటర్ల ఉన్నప్పుడు చెప్పినవ్."

"అది షాపు రూలు."

"షాపు లేదు కద" అన్నాను. అనగానే నాలుక కొరుక్కున్నాను. ఆయన మొహం వాడిపోయింది. కానీ నేను వెనక్కి తగ్గే రకం కాదు, ఆ రోజు అసలే తగ్గదలచుకోలేదు. ఆయన ముందుకు వచ్చి నిలబడి, షాపులో ఎందరో నిలబడగా చూసిన తీరులో, రెండు చేతులూ పక్కలకు లేపాను. "ఇగో, నిలవడ్డ. నువ్వు కొలిచేదాక చేతులు దింప."

ఆయన బట్ట మడత విప్పి మళ్ళీ మడిచాడు. చేతులు లేపి నిలబడడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. భుజాలు లాగడం మొదలైంది. ఇంటర్‌లో అడిగిన ప్యాంటు, పక్క సందు టైలర్, దసరాకు అన్న వేసుకున్న కొత్త బట్టలు, అన్నీ ఆ చేతుల్లోకి దిగినట్టు బరువెక్కాయి. ఆయన పని కోసం వచ్చాననుకున్నాను. సగం నా కోసమే వచ్చానని అక్కడ నిలబడ్డాకే తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా దించలేదు.

వంటింటి గుమ్మంలోంచి అమ్మ, "పిల్ల చేతులు గుంజుతున్నయ్. కొలవరాదు? నీ బిడ్డనే కద, మంది బిడ్డనా?" అంది.

నాయిన లేచాడు. మేకుకున్న టేపు తీసి మెడలో వేసుకున్నాడు. నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "ఊపిరి బిగవట్టకు. నిలవడు మంచిగ" అన్నాడు. నా మెడ కింద టేపు రేకు చల్లగా తగిలింది. "ఇర్వై ఆరున్నర" అన్నాడు. "పదిహేను" అన్నాడు. అంకెలు గోడకేసి పలికి, ఆగాడు. "రాస్తలేవేంది?"

"నా చేతులు పైన ఉన్నయ్ నాయినా."

అప్పటికి అన్న పేపరు పట్టుకుని లోపలి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. నాయిన వాడి వైపు తల తిప్పాడు. "చూస్తవేందిరా? పుస్తకం తీస్కో. రాయి."

కొలతల పుస్తకం మిషను సొరుగులోనే ఉంది, షాపు మూసిన రోజు పెట్టినట్టే. అన్న దాన్ని తెరిచి, పెన్ను పట్టుకుని, తెల్లమొహం వేశాడు. "నాకు రాదే" అన్నాడు. మా అన్న నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. "గీత కొట్టు. పైన షర్టు, కింద ప్యాంటు. మొదలు పొడవు, దాని పక్కకు భుజం" అని నేను చేతులు లేపుకునే చెప్పాను. వాడు రాశాడు. నాయిన "పదిహేడుంపావు" అన్నాడు, "ముప్ఫై ఆరు" అన్నాడు, నడుము దగ్గరికొచ్చేసరికి వాడు తడబడి, "ఇప్పుడేమన్నవ్?" అని అడిగాడు.

నాయిన టేపు తీసేశాడు. మళ్ళీ నా మెడ కింద పెట్టాడు. "ఇర్వై ఆరున్నర. చెవులు యాడ పెట్టినవ్ రా?"

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. దించబోయిన చేతులు మళ్ళీ లేపాను.

బుధవారం ట్రయల్ అన్నాడు. బుధవారం ఆఫీసు కాగానే ఆ ఫ్లైఓవరు దుమ్ములో, ట్రాఫిక్కులో గంటసేపు ఇరుక్కుని పోయాను. "కచ్చా కుట్టు కాలే. రేపు రా" అన్నాడు తల ఎత్తకుండా. గురువారం పోయాను. "ఒక్క చెయ్యి ఉన్నది. రేపు రా." శుక్రవారం నిజంగానే కోపమొచ్చింది. "ఏం రాచకార్యం ఉంది నాయినా నీకు? ఉన్నది నా ఒక్క ఆర్డరు!"

ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి, పక్కనున్న మడతను చేత్తో తట్టాడు. బూడిద రంగు ప్యాంటు బిట్లు, రెండు. మీద సుద్ద గీతలు. పుస్తకంలో నా పేజీ పక్క పేజీలో అన్న కొలతలు, అన్న చేతిరాతలోనే, వంకరటింకరగా.

"వానికి సోమవారం మీటింగ్ ఉందట. అర్జెంటు" అన్నాడు. "నువ్వు ఇంటిదానివే కద, జర ఆగు. రేపు రా బిడ్డా."

మూడు రోజులు తిప్పించుకున్న ఏ కస్టమర్ అయినా తిట్టినట్టే తిట్టుకుంటూ మెట్లు దిగాను. కింద గేటు దాకా వచ్చేసరికి, పైనుంచి మిషను చప్పుడు మళ్ళీ మొదలైంది. నిలబడి విన్నాను. డెబ్బై నిండిన మా నాయినకు రేపు పని ఉంది.